ఎనిమిది సెకన్ల ఊపిరి

మెలోట్రాన్ పేరు తెలియకముందే దాని గొంతు విన్నాను. తిరుపతిలో చదువుకునే రోజుల్లో ఒక స్నేహితుడి దగ్గర బీటిల్స్ క్యాసెట్ ఉండేది. 1967 నాటి ‘స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్’ మొదట్లో వచ్చేది పిల్లనగ్రోవి అనుకున్నాను. కానీ ఏ పిల్లనగ్రోవీ అంత నీరసంగా, అట్లా వణుకుతూ పలకదే! మెట్ల మీద వేళ్ళు పాల్ మెకార్ట్నీవి. ఊదింది మాత్రం ఇంకెవరో, ఇంకెప్పుడో.

హార్మోనియంలో మెట్టు నొక్కితే గాలి వెళ్ళి రీడును కదిలిస్తుంది. మెలోట్రాన్‌లో మెట్టు నొక్కితే లోపల ఒక టేపుముక్క కదులుతుంది. ఒక్కో మెట్టుకీ ఒక్కో టేపు. దానిమీద వేణువో, వయొలిన్లో, గాయకబృందమో పలికిన ఒకే ఒక్క స్వరం. దాదాపు ఎనిమిది సెకన్లకు టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. స్వరం ఇంకా కావాలంటే మళ్ళీ నొక్కాల్సిందే.

దీనికి మూలం అమెరికాలో హ్యారీ చాంబర్లిన్ చేసిన యంత్రం. ఆయన దగ్గర అమ్మకాలు చూసే బిల్ ఫ్రాన్సన్ దాన్ని 1962లో ఇంగ్లండుకు పట్టుకుపోయి, తన సొంతమన్నట్టు చూపించాడు. బర్మింగ్‌హామ్‌లో బ్రాడ్లీ సోదరులు మెరుగుచేసి, 1963లో మెలోట్రాన్ పేరుతో తెచ్చారు. ఇళ్ళలో కాలక్షేపానికని చేసిన పెట్టె రాక్ వాళ్ళ చేతిలో పడింది. ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన మైక్ పిండర్ దాన్ని మూడీ బ్లూస్ పాటల్లోకి తెచ్చాడు. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ దానితోనే ఉరిమింది. వేడికీ తేమకీ కరెంటు హెచ్చుతగ్గులకీ అది శ్రుతి తప్పేది. శాంప్లర్లు వచ్చాక మూలపడింది. 1997లో రేడియోహెడ్ ‘ఓకే కంప్యూటర్’లో దాని గాయకబృందం మళ్ళీ వినబడింది. ఇప్పుడైతే ఆ వణుకునే కంప్యూటర్లో కావాలని చేర్చుకుంటున్నారు.

అది వచ్చిన కొత్తలో ఇంగ్లండు వాద్యకారుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఈ పెట్టె తమ కూడు తీస్తుందని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తిదేమీ కాదని నాకు మా ఇంట్లోనే తెలుసు.

చిత్తూరు దగ్గర మా ఊరి మేళంలో మా తాత ఒత్తు పట్టేవాడు. నాదస్వరం పక్కన ఒకే శ్రుతిని తెగకుండా ఊదే సన్నాయి అది. బుగ్గల్లో గాలి నిలుపుకుని, ముక్కుతో పీల్చుకుంటా, ముహూర్తం దాటేదాకా ఊదాల్సిందే. ఊదుతున్నంతసేపూ ఎవరూ ఆయన వైపు చూసేవాళ్ళు కారు. ఆగితే మాత్రం అందరూ తలతిప్పేవాళ్ళు. శ్రుతిపెట్టె వచ్చినాక మేళంలో మొదట తగ్గిన మనిషి ఆయనే.

“పెట్టెకైతే కూడు పెట్టే పన్లేదు గదరా అబ్బోడా” అనేవాడు, నవ్వుతానే.

కొన్నాళ్ళకు పెళ్ళిళ్ళలోకి కీబోర్డు వచ్చింది. నాదస్వరం కూడా దాంట్లో ఒక మీట అయింది.

మెలోట్రాన్ అంటే నాకిప్పటికీ ఇష్టమే, దాచుకోను. ఆ టేపుల మీద ఊదినవాళ్ళు ఒక్కసారే ఊదారు. వాళ్ళ ఊపిరి ఎన్నెన్నో పాటల్లో తిరిగింది, పేర్లు మాత్రం వాటి అట్టలమీదికి రాలేదు. మా తాత ఊపిరి ఏ టేపు మీదా లేదు. ఆ వేణువు వింటూ ఎనిమిది దాకా లెక్కపెట్టుకుంటాను. తాతయితే తెల్లారేదాకా ఆపకుండా ఊదేవాడు.