కిక్రీ నుంచి రీల్స్ దాకా: మన చెవులు, మన కళ్లు నడిచిన దారి

పోస్టు కొంచెం పెద్దగుంది, తీరికగా చదవండి.

"ఫోన్ పట్టుకుంటే వదలరు" అని ఇంట్ల పెద్దలు మనల్ని అంటుంటరు. అది నిజమే. కానీ ఫోన్ కంటే ముందు మన వాళ్లు ఏం విన్నరు, ఏం చూసిన్రు? దానికీ ఒక చరిత్ర ఉంది. రాయదుర్గం హాస్టల్‌లో ఉంటున్న మేము కొంతమందిమి కూడి, తెలిసినంత రాస్తున్నం.

మొదటిది కిక్రీ. గోండుల వంశ కథలు చెప్పేది పర్ధాన్లు, తోటీలు. మూడు తంతుల కిక్రీ వాయించుకుంట, పెర్సాపేన్ పండుగలల్ల ఒక్కో గోత్రం పుట్టుకను పాడేటోళ్లు. విన్న ఇల్లు ధాన్యమో, బట్టో, పశువో ఇచ్చేది. కోయల్లో డోలి కళాకారులు పడిగె బట్ట మీద బొమ్మలు చూపించుకుంట కథ చెప్పేటోళ్లు. ఒక రకంగా మన మొదటి తెర ఆ పడిగెనే. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది: చెప్పేటోడు మనకు తెలిసినోడు, కథ మనది, భాష మనది.

తర్వాత పుస్తకం వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్ అమరుడైనంక, నిజాం సర్కారు కదిలింది. గోండుల మధ్య పని చేసిన హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో టీచర్ల శిక్షణ మొదలుపెట్టించిండు. అప్పుడు అచ్చేసిన గోండి వాచకాలు దేవనాగరి లిపిలో ఉండేవి. గోండికి సొంత లిపి లేదనే చాలామంది అనుకున్నరు. కానీ ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో పాత రాతప్రతులు పెద్దల దగ్గర భద్రంగా ఉన్నయి. ఆచార్య జయధీర్ తిరుమలరావు బృందం వాటిని వెలుగులోకి తెచ్చింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది.

ఇక రేడియో, టీవీ. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో, ఆదిలాబాద్ ఆకాశవాణి 1986లో మొదలైనయి. వీటితోటి లోకం ఇంట్లకు వచ్చింది. కానీ ఎక్కువగా మాట్లాడింది వేరేటోళ్లు, మనం విన్నం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగితే, అధికారికంగా చనిపోయింది 13 మంది అన్నరు. మన ఊర్లల్ల చెప్పే లెక్క అంతకంటే చాలా ఎక్కువ. పేపర్ల లెక్క ఒకటి, గూడెం జ్ఞాపకం ఒకటి. మన మాట మన నోట రికార్డు కాకపోతే ఏమైతదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

సినిమా సంగతి కూడా అట్లనే ఉంది. అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమరం భీమ్' 1990లోనే తయారైంది, నంది అవార్డు కూడా వచ్చింది. థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. 2022లో ఆర్ఆర్ఆర్ వచ్చినప్పుడు మేమూ ఈలలు వేసినం, సినిమా బాగుంది. కానీ అది కల్పిత కథ అని తీసినోళ్లే చెప్పిన్రు. దేశానికి భీమ్ పేరు తెలిసింది. జల్ జంగల్ జమీన్ కోసం అడిగిన పన్నెండు ఊర్ల కథ మాత్రం తెలియాల్సే ఉంది.

ఇప్పుడు మా లెక్క. మెట్రో రాయదుర్గం దాకా వచ్చింది 2019 నవంబర్‌లో. అందులో ప్రకటనలు తెలుగు, హిందీ, ఇంగ్లీషులో వస్తయి. మేము చూసే రీల్స్ తెలుగు, హిందీ. చదువుకునే యూట్యూబ్ పాఠాలు ఇంగ్లీషు. రాత్రి చూసే సిరీస్ ఏదైనా డబ్బింగ్. వార్తలు వాట్సాప్‌లో తెలుగు. గోండి, కోయ, కొలామి వినబడేది ఇంటికి ఫోన్ చేసినప్పుడే. ఆ కాల్ ఐదు నిమిషాలు కూడా ఉండదు.

2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నోళ్లు 29 లక్షల పైనే. కోయ 4 లక్షల పైనే. తక్కువేం కాదు. సంతాలీ వాళ్లను చూడండి. 2003 సవరణతో వాళ్ల భాష ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. 2018లో ఓల్ చికి లిపిలో వికీపీడియా వచ్చింది. 2024లో గూగుల్ ట్రాన్స్‌లేట్‌లోకి కూడా పోయింది. ఇది ఊకెనే రాలేదు. వాళ్ల పోరగాళ్లు రాసిన్రు, టైపు చేసిన్రు, ఏండ్ల తరబడి అడిగిన్రు.

రేడియో, టీవీ, సినిమాకు లేనిది ఫోన్‌కు ఒకటుంది: దానికి చెవితో పాటు నోరు కూడా ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో 2010లోనే 'సీజీనెట్ స్వర' అని మొదలైంది. మిస్డ్ కాల్ ఇస్తే తిరిగి కాల్ వస్తది. ఊరి సమస్య గోండిలో చెప్పొచ్చు, వేరే ఊరోళ్లది వినొచ్చు. నెట్ లేని కీప్యాడ్ ఫోన్‌తోనే అంత పని అయితే, మన చేతిలో ఉన్న దానితోటి ఎంత చేయొచ్చు?

తొందర ఎందుకంటే, కోయ డోలి కథలు నోటికి వచ్చిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన వెళ్లిపోయిండు. అట్లాంటి పెద్దలు ఇంకా ఎంతమంది ఉన్నరో మన ఊర్లే చెప్పాలె.

రీల్స్ బంద్ చేయమని మేము చెప్తలేం. ఈసారి దండారికి ఊరికి పోయేటోళ్లు ఒక్క పెద్దమనిషి దగ్గర కూర్చుని అరగంట రికార్డు చేయండి. ముందు అడగండి. పేన్ కథలు కొన్ని బయట పెట్టేవి కావు, పెద్దలు వద్దంటే వద్దు. పేరు, ఊరు, గోత్రం, తేదీ రాసి, రెండు చోట్ల దాచండి. మధ్యలో తెలుగులోకి మార్చొద్దు, వాళ్ల భాషలోనే ఉండనియ్యండి.

మీ ఊర్లో కథ చెప్పే పెద్దలు ఎవరున్నరో ఊరి పేరుతో కింద రాయండి. ఎవరు ఎక్కడికి పోవాలో అందరం కలిసి పంచుకుందాం.