అడవి నిలబెట్టిన ప్రాణం

మార్చి 21 అంతర్జాతీయ అటవీ దినోత్సవం. మూడు రోజులకే, 24న, ప్రపంచ క్షయ దినోత్సవం. అడవికీ క్షయకూ ఒకప్పుడు దగ్గరి చుట్టరికం ఉండేది.

చెట్ల మధ్య ఒంటికి నెమ్మదిస్తుందన్నది మునుల ఆశ్రమాల నాటి నమ్మకం. 1850ల్లో దాన్ని చికిత్సగా మలిచే ప్రయత్నం జరిగింది. హెర్మన్ బ్రేమర్ అనే జర్మన్ వైద్యుడు అడవి కొండల్లోని గోర్బర్స్‌డోర్ఫ్‌లో క్షయ రోగులకు చికిత్స మొదలుపెట్టాడు.

నాకు ఎంతో ఇష్టమైన కథ అమెరికాది. క్షయతో మంచాన పడ్డ అన్నకు సేవలు చేసి, చివరికి పోగొట్టుకున్న డాక్టర్ ఎడ్వర్డ్ ట్రూడోకూ అదే జబ్బు సోకింది. చావు తప్పదనుకుని, 1873లో తనకిష్టమైన అడిరాండాక్ అడవులకు చేరాడు. వేటలో దారి చూపే స్థానికుడు ఆయన్ను మెట్ల మీదుగా మోసుకెళ్లి పడుకోబెడుతూ, ఎండిన గొర్రెపిల్ల తోలంత బరువైనా లేరన్నాడట. ఆ వేసవి ముగిసేసరికి ట్రూడో ఒళ్లు చేశాడు.

1882లో రాబర్ట్ కాక్ క్షయ క్రిమిని కనిపెట్టాడు. క్రిమే కారణమైతే గాలీ వెలుతురూ ఏం చేసినట్టు? తేల్చుకోవడానికి ట్రూడో పదిహేను కుందేళ్లను మూడు గుంపులు చేశాడు. క్రిమి ఎక్కించి చీకట్లో, చెమ్మలో, అరకొర తిండితో ఉంచిన అయిదింటిలో నాలుగు చచ్చిపోయాయి. క్రిమి ఎక్కించకుండా అలాగే ఉంచినవి చిక్కిపోయినా వాటికి క్షయ రాలేదు. క్రిమి ఎక్కించి, చిన్న దీవిలో ఎండలో, కడుపునిండా మేతతో వదిలిన అయిదింటిలో నాలుగు కోలుకున్నాయి. జబ్బు తెచ్చేది క్రిమే. దాన్ని తట్టుకునే బలం మాత్రం బతికే చోటును బట్టి ఉంటుందని తేలింది. ఆ అడవుల్లోనే సారనాక్ లేక్‌లో క్షయ రోగుల కోసం ఆయన తెరిచిన శానిటోరియం నిండిపోయింది. రోగులు గడ్డకట్టే చలిలోనూ కంబళ్లు కప్పుకుని వరండాల్లోనే గడిపేవారు.

జబ్బు పూర్తిగా వదలకపోయినా ట్రూడో మరో 42 ఏళ్లు బతికి, 1915లో కన్నుమూశాడు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం తెరుచుకున్నదీ ఆ ఏడాదే.

తర్వాత స్ట్రెప్టోమైసిన్ అనే మందు వచ్చింది. మందులు సరిగ్గా వాడితే ఇంట్లోనే క్షయ నయమవుతుందని 1959లో మద్రాసు అధ్యయనం తేల్చింది. శానిటోరియాల కాలం ముగిసింది.

అడవితో పని మాత్రం తీరలేదు. 1982లో జపాన్ అటవీ శాఖ జనాన్ని ఆరోగ్యం కోసం అడవుల్లో నడవమంది. అలా నడిచినవారిలో రక్తపోటు, ఒత్తిడి తగ్గినట్టు తర్వాతి అధ్యయనాల్లో కనిపించింది. కిటికీలోంచి చెట్లు కనిపించిన ఆపరేషన్ రోగులు, ఇటుక గోడ కనిపించినవారికన్నా ముందే ఇంటికెళ్లారని 1984లో పరిశోధకుడు రోజర్ ఉల్‌రిచ్ రాశాడు. మనం కట్టే ఆస్పత్రుల్లో చెట్లకు చోటు అడగడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ప్లాను గీసే రోజే అడగాలి.