లెక్కలో లేనివారి లెక్క



సంఖ్యాకాండము అనగానే చాలామంది పేజీలు తిప్పేస్తారు. అన్నీ పేర్లు, వంశాలు, లెక్కలే కదా అంటారు. అయితే 26వ అధ్యాయంలో ఆ లెక్క ఎందుకు తీశారో ఒకసారి చూడండి. ఎవరి సంఖ్యను బట్టి వారికి భూమి పంచడానికి. వెంటనే 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ఎదుట వచ్చి నిలబడతారు. తండ్రి చనిపోయాడు, కొడుకులు లేరు. ఆ ఐదుగురి పేర్లు లెక్కలో రాశారు గాని పంపకంలో వాళ్ళకు చోటు లేదు. మోషే అంతటివాడు కూడా సొంతంగా తీర్పు చెప్పలేదు. ఆ సంగతి దేవుని సన్నిధికి తీసుకెళ్ళాడు. వాళ్ళు అడిగింది న్యాయమేనని అక్కడ తేలింది.

ఈ రెండు అధ్యాయాలు కలిపి చదివినప్పుడు మాకు మన విశాఖపట్నం ఆడపడుచు ఒకరు గుర్తుకొస్తారు. జస్టిస్ గోర్ల రోహిణి గారు.

మన దేశంలో ఆడవాళ్ళు వకీలు వృత్తి చేయవచ్చని చట్టం వచ్చిందే 1923లో. తిరువాన్కూరులో అన్నా చాందీ గారు 1937లో మున్సిఫ్ అయ్యారు, 1959లో కేరళ హైకోర్టు న్యాయమూర్తి అయ్యారు. ఆమె క్రైస్తవ స్త్రీ అని మన ఆడపిల్లలకు చెప్పండి. మన రాష్ట్రం సంగతికొస్తే, ఆంధ్ర హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది, 1956లో హైదరాబాదుకు మారింది. ఆ పీఠం మీద మొదటి స్త్రీగా జస్టిస్ అమరేశ్వరి గారు కూర్చున్నది 1978లో. అంటే దాదాపు 24 ఏళ్ళు! ఇశ్రాయేలీయులకు దెబోరా చెట్టు కింద కూర్చుని తీర్పు తీర్చిన సంగతి మనం సండే స్కూల్లోనే నేర్చుకుంటాం. అయినా ఒక స్త్రీ తీర్పు చెప్పడం మన ఊళ్ళలో ఇప్పటికీ వింతగానే ఉంటుంది. ఊరి పెద్దల కూటంలో ఆడవాళ్ళు ఎక్కడ నిలబడతారో మనకు తెలియనిది కాదు.

రోహిణి గారు 1955 ఏప్రిల్ 14న పుట్టారు, అంబేద్కర్ గారి జయంతి రోజున. ఉస్మానియాలో సైన్సు డిగ్రీ చేసి, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీలో న్యాయశాస్త్రం చదివారు. 1980లో వకీలుగా నమోదై, కోకా రాఘవరావు గారి దగ్గర జూనియరుగా చేరారు. 1985 నుండి ఆమె చేసిన పని ఒకటుంది, పేపర్లలో దాని గురించి పెద్దగా రాయరు గాని మాకు అదే ఎక్కువ నచ్చుతుంది. హైకోర్టు తీర్పులను అచ్చువేసే లా జర్నల్‌కు రిపోర్టరుగా, తర్వాత ఎగ్జిక్యూటివ్ ఎడిటరుగా పనిచేశారు. ఎవరో చెప్పిన తీర్పు పేజీలకు పేజీలు చదివి, అందులో తేలిన న్యాయసూత్రం ఏమిటో నాలుగు వాక్యాల్లో పెట్టే పని అది. టెక్కలిలోనో సోంపేటలోనో కూర్చున్న వకీలుకు హైకోర్టు మాట చేరేది అలాంటి పుస్తకాల వల్లే. తన పేరు కనబడని సేవ. మన సంఘంలో తెల్లవారకముందే వచ్చి మందిరం ఊడ్చి చాపలు పరిచే తల్లులకు ఈ మాట బాగా అర్థమౌతుంది.

1995లో ప్రభుత్వ ప్లీడరు అయ్యారు. 2001 జూన్ 25న హైకోర్టు అదనపు న్యాయమూర్తిగా, మరుసటి ఏడాది శాశ్వత న్యాయమూర్తిగా నియమితులయ్యారు. 2014 ఏప్రిల్ 21న ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. 1966లో ఆ కోర్టు పెట్టినప్పటి నుండి ఆ కుర్చీలో కూర్చున్న మొదటి స్త్రీ ఆమే. ఢిల్లీలో పాలనాధికారం లెఫ్టినెంట్ గవర్నరుదా, ఎన్నికైన ప్రభుత్వానిదా అన్న పెద్ద వ్యాజ్యంలో 2016 ఆగస్టు 4న ఆమె ధర్మాసనం గవర్నరు వైపు తీర్పు చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు అందులో ముఖ్యభాగాన్ని మార్చింది. న్యాయమూర్తి పైన కూడా న్యాయస్థానం ఉంటుంది, అందులో చిన్నతనమేమీ లేదు.

2017 ఏప్రిల్‌లో పదవీ విరమణ చేశారు. అసలు మేము చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. ఆ ఏడాది అక్టోబరు 2న రాజ్యాంగంలోని 340వ అధికరణం కింద కేంద్రం ఒక కమిషన్ వేసి, దానికి ఆమెను అధ్యక్షురాలిగా పెట్టింది. కేంద్రంలో ఓబీసీలకున్న 27 శాతం వాటా ఆ కులాలన్నిటికీ నిజంగా అందుతోందా, లేకపోతే ఎలా విడగొట్టాలి అన్నది ఆమెకు అప్పగించిన ప్రశ్న.

ఇది మన తీరానికి ఎలా తగులుతుందో చెబుతాం. మన రాష్ట్రంలో బీసీలను 1970 నుండే గుంపులుగా విడగొట్టారు. జాలరి, వాడబలిజ, పల్లె వంటి మత్స్యకార కులాలు ఏ గుంపులో ఉన్నాయి, దాని వాటా 7 శాతం. ఎస్సీల నుండి క్రైస్తవులైనవారు సీ గుంపులో ఉన్నారు, వాటా 1 శాతం. అందుకని మన కుర్రాడు రాష్ట్ర ఉద్యోగానికి వెళ్తే తన గుంపులోని వారితోనే పోటీ. అదే కుర్రాడు రైల్వే పరీక్ష రాస్తే దేశంలోని ఓబీసీలందరితో ఒకే వరుస. తరతరాలుగా భూమీ చదువూ ఉన్న ఇంటి బిడ్డా, వేట లేని రోజు పొయ్యి వెలగని ఇంటి బిడ్డా ఆ వరుసలో పక్కపక్కనే నిలబడాలి. సంఘంలో కులం ఎత్తకూడదు, నిజమే. మేమూ ఎత్తం. కానీ తహసీల్దారు కార్యాలయంలో ధ్రువపత్రం కోసం నిలబడే మన పిల్లల తరఫున ఈ మాట ఎవరో ఒకరు చెప్పాలి.

కమిషన్ లెక్క తీసింది. లక్షా 30 వేల కేంద్ర ఉద్యోగాలు, పెద్ద విద్యాసంస్థల్లో సీట్లు పరిశీలిస్తే, జాబితాలోని కులాల్లో నాలుగో వంతు కులాలకే 97 శాతం దక్కాయి. పది కులాలకే దాదాపు పావు వంతు వెళ్ళాయి. 983 కులాలకు ఒక్కటంటే ఒక్కటీ రాలేదు. జాబితాలో ఆ కులాల పేర్లన్నీ ఉన్నాయి, జాగ్రత్తగా వరుస సంఖ్యలు వేసి మరీ. సెలోపెహాదు కుమార్తెల పేర్లూ అలాగే ఉన్నాయి కదా.

12 వారాల్లో ముగించమన్న పనికి పదిసార్లకు పైగా గడువు పెంచారు. చివరకు 2023 జూలై 31న ఆమె నివేదికను రాష్ట్రపతికి సమర్పించారు. మేము ఇది రాసే నాటికి దాన్ని ప్రభుత్వం ప్రజల ముందు పెట్టలేదు.

యెహోషువ గ్రంథం 17వ అధ్యాయం కూడా చదవండి. మోషే కాలంలోనే తీర్పు వచ్చినా, భూమి పంచే నాటికి ఆ ఐదుగురు మళ్ళీ యాజకుడైన ఎలియాజరు ఎదుటికి, యెహోషువ ఎదుటికి వచ్చి తమ వాటా గుర్తుచేయవలసి వచ్చింది. అప్పుడు ఇచ్చారు.

రైల్వే, పోలీసు, లాసెట్ పరీక్షలు రాస్తున్న పిల్లల పేర్లు ఈ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు ముందే మాకు ఇవ్వండి. ఆడపిల్లల పేర్లు మర్చిపోవద్దు.