కర్రలతో కొలిచిన జబ్బు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పల్లెల్లో వరి కోతకు ముందే, తడి ఆరని మడిలో కేసరి పప్పు గింజలు చల్లేస్తారు. ఈ పద్ధతిని అక్కడ ఉతేరా అంటారు, పంటను తివ్‌రా అంటారు. దుక్కి అక్కర్లేదు, నీరు పెట్టక్కర్లేదు. మిగతా పైర్లు ఎండిన కరువు ఏడాది కూడా ఇది చేతికొస్తుంది. ముప్పు కూడా ఆ ఏడాదే. వేరే తిండి లేక రెండు మూడు నెలలు ఈ పప్పే ఆధారమైతే కొందరికి కాళ్లు బిగుసుకుపోతాయి. మెదడు నుంచి కాళ్లకు కదలిక ఆజ్ఞలు మోసే నరాల కణాలు చెడతాయి. ఒకసారి వస్తే నయం కాదు. దీనికి లాతిరిజం అనే పేరు 1873లో ఇటలీ వైద్యుడు కాంతాని పెట్టాడు. అంతకు ముందే, మధ్య భారతంలోని సాగర్ ప్రాంతంలో 1830ల తొలినాళ్లలో పంటలు పోయి పల్లెల్లో చాలామంది దీని పాలబడిన సంగతి బ్రిటిష్ అధికారి స్లీమన్ రాశాడు.

ఈ ముప్పు అక్కడ అందరిదీ కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వేతో బిలాస్‌పూర్ జంక్షన్ అయింది. రైలు కొలువులకు వచ్చిన తెలుగువాళ్లూ అక్కడ స్థిరపడ్డారు. నెలజీతం ఉన్న ఇంట నాలుగు రకాల తిండి ఉంటుంది. ఈ జబ్బు మాత్రం పొలం కూలీలది.

జబ్బు ఎంత ముదిరిందో చెప్పడానికి వైద్యుల దగ్గర ఉన్న కొలత రోగి నడకే. మొదట కర్ర లేకుండానే నడుస్తాడు, కానీ మడమ నేలకు ఆనదు, మునివేళ్ల మీద బరువు పడుతుంది. తర్వాత ఒంటి కర్ర, ఆపైన రెండు కర్రలు. అడుగు వేస్తుంటే మోకాళ్లు ఒకదాని మీదికొకటి వస్తాయి. చివరిది పాకే దశ: చేతులు ఆనించి ఒంటిని ఈడ్చుకోవాలి. ఇంత స్పష్టమైన కొలత మరే నరాల జబ్బుకూ ఉండదేమో. కానీ ఆ స్పష్టత వచ్చేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

1964లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఎస్.ఎల్.ఎన్. రావు, పి.ఆర్. అడిగ, పి.ఎస్. శర్మ కేసరి గింజలోని విషాన్ని వేరుచేశారు. అదే ఒడాప్ అనే అమైనో ఆమ్లం. దాన్ని రంగు మార్పుతో కొలిచే పద్ధతిని 1978లో రావు ప్రచురించారు. అయితే ఆ కొలత గింజ సంగతి చెబుతుందే తప్ప మనిషి సంగతి చెప్పదు. ఇతర నరాల క్షీణత జబ్బుల్లో నష్టాన్ని, దెబ్బతిన్న నరాల నుంచి రక్తంలోకి చేరే న్యూరోఫిలమెంట్ ప్రొటీన్‌తో అంచనా వేస్తున్నారు. లాతిరిజం పేదల జబ్బు కాబట్టే అటువైపు పరిశోధన అంతగా సాగలేదనిపిస్తుంది.

అందుకే జాగ్రత్త అంతా గింజ దగ్గరే జరిగింది. 1961లో అమ్మకంపై నిషేధ నియమం వచ్చినా ఛత్తీస్‌గఢ్‌లో సాగు ఆగలేదు. పప్పును ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే విషం చాలావరకు పోతుందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు 1960ల్లో చూపారు. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఒడాప్ తక్కువగా ఉండే మహాతివ్‌రా రకాన్ని రైతులకు ఇచ్చింది.