విదేశీయులకు వేరే నోటు
1980 ఏప్రిల్ 1న బ్యాంక్ ఆఫ్ చైనా విదేశీయుల కోసం ప్రత్యేక నోట్లు తెచ్చింది. వాటి పేరు వైహుయిచువాన్. సంస్కరణల బాట పట్టిన చైనాకు అప్పుడు డాలర్ల అవసరం చాలా ఉంది. డాలర్లు మార్చుకునేవాళ్లకు మామూలు యువాన్లకు బదులు ఇవే ఇచ్చేవారు. హోటల్ గది, విమాన టికెట్, దిగుమతి సరుకులమ్మే ఫ్రెండ్‌షిప్ స్టోర్, అన్నిచోట్లా ఇవే అడిగేవారు. రైల్లో అదే బెర్తుకు విదేశీయుడికి ఎక్కువ రేటు.

కాగితం మీద రెండు నోట్ల విలువా ఒకటే. వీధిలో లెక్క వేరు! విదేశీ టీవీలు, సిగరెట్లు కొనాలంటే ఈ నోట్లే కావాలి కాబట్టి హోటళ్ల ముందు కాపుకాసే దళారులు వీటికి ఎక్కువ యువాన్లు ముట్టజెప్పేవారు. చిన్న హోటల్లో నూడుల్స్ తిని ప్రత్యేక నోటు ఇస్తే, మిగతా చిల్లర మామూలు నోట్లలో వచ్చేది. లెక్క సరిపోయేది, జేబుకు మాత్రం చిల్లు పడేది.

యువాన్లలో జీతం తీసుకునే విదేశీ ఉపాధ్యాయులకు తెల్ల కార్డు ఇచ్చేవారు. అది చూపితే మామూలు నోట్లు చెల్లాలి. ఆ మాట కౌంటర్లో గుమాస్తా ఒప్పుకోవాలి కదా!

1994 జనవరి 1న మారకపు రేట్లను ఏకం చేసి, ఈ నోట్ల జారీ ఆపేశారు. రైళ్లలో, పర్యాటక స్థలాల్లో వేరు రేట్లు ఆ తర్వాతా కొన్నాళ్లు సాగాయి.