పురావస్తు పరిశోధనమున ప్రకృతి శాస్త్రములు: తెలుగునేల, గోదావరి డెల్టా

శాసనములును నాణెములును లేని కాలమును గూర్చి చరిత్రకారుడు తెలిసికొనవలెనన్నచో బూడిదను, బురదను, మాడిన గింజను, విరిగిన యెముకను ప్రశ్నింపవలసియుండును. వాని యుత్తరములు రసాయన, భౌతిక, వృక్ష, భూగర్భ శాస్త్రముల పద్ధతులవలననే లభించును. తెలుగునేల కీ విద్య భూగర్భ శాస్త్రజ్ఞుల మూలమున వచ్చినది. 1884 ప్రాంతమున రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ నాటి కర్నూలు జిల్లాయందు బేతంచెర్ల చెంతనున్న బిల్లసర్గం గుహలను త్రవ్వి, దొరికిన యెముకలను లైడెక్కర్ అను జీవావశేష శాస్త్రజ్ఞునిచే గుర్తింపజేసిరి.

ఐనను ఈ పద్ధతుల విలువను సంపూర్ణముగా వెల్లడించినవి దక్కను పీఠభూమి యందలి బూడిద దిబ్బలు. గ్రామీణులు వీనిని రాక్షసుల చితాభస్మమనిరి. పండితులలో కొందరు అగ్నిపర్వత శిథిలములనియు, కొందరు లోహము కరగించిన కొలుముల చిట్టెమనియు వాదించిరి. పశువుల పేడ కాలి యేర్పడినవని ఫుట్ ఊహించెను గాని, ఋజువునకు చిరకాలము పట్టెను. 1957లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఎఫ్. ఆర్. ఆల్చిన్ నాటి మహబూబునగరు జిల్లాయందలి ఉట్నూరున త్రవ్వగా, దొడ్డి చుట్టును గుంజలు పాతిన గుంటలును, నాటి పశువుల గిట్టల జాడలును బయల్పడెను. 1960లో జాయినర్ అను శాస్త్రజ్ఞుడు బళ్లారి ప్రాంతపు దిబ్బల బూడిదను పరీక్షించి, అది పేడ కాలిన బూడిదయేనని నిరూపించెను. రసాయన శాస్త్రజ్ఞుడు లిబ్బీ 1949లో వెలువరించిన రేడియో కార్బన్ కాలనిర్ణయ పద్ధతి ఉట్నూరు దిబ్బ వయస్సును 4,000 ఏండ్లకు పైబడినదిగా తేల్చెను. రాజుల పేరొక్కటియు దొరకని యా కాలమున పసులకాపరుల జీవితము ఇంత స్పష్టముగా కన్నులకు గట్టుట యీ శాస్త్రముల మహోపకారము.

పిమ్మట డోరియన్ ఫుల్లర్, రవి కొరిసెట్టర్ మొదలగు పురావస్తు శాస్త్రజ్ఞులు త్రవ్విన మన్నును నీటిలో కలిపి, తేలిన మాడుగింజలను ఏరి, దక్షిణాపథపు తొలి కృషీవలులు ఉలవలను, పెసలను, అండుకొర్రలను పండించిరని 2004లో ప్రకటించిరి. కర్నూలు ప్రాంతపు జ్వాలాపురమున సుమత్రాలోని టోబా అగ్నిపర్వతము 74,000 ఏండ్ల క్రిందట వెదజల్లిన బూడిదకు క్రిందను మీదను గూడ రాతిపనిముట్లు లభించిన సంగతి 2007లో లోకమునకు తెలిసినది.

గోదావరి డెల్టాలోని కోనసీమ కథ వేరు. ఇచట రాయి లేదు. నేలయే నదియు సముద్రమును గూడి పోసినది. కొబ్బరితోటలకును గ్రామములకును ఆధారమైన ఇసుక మెరకలలో పెక్కు, ఒకనాటి సముద్రతీర రేఖలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యుడు కె. నాగేశ్వరరావు జపాను శాస్త్రజ్ఞులతో గూడి డెల్టాలో బోరులు దింపి, పైకి తీసిన మన్నుపొరల కాలమును రేడియో కార్బనుచే నిర్ణయించి, గడచిన వేల యేండ్లలో ఈ భూమి సముద్రముపైకి పెరిగిన క్రమమును 2012లో వివరించెను. అదే సంవత్సరమున గోదావరి సంగమమున కెదుట బంగాళాఖాతపు అడుగునుండి, 2006లో గ్యాస్ హైడ్రేట్ల అన్వేషణకై తీసిన మన్నుకడ్డీలోని ఆకుల మైనమును పరీక్షించినవారు, సుమారు 4,000 ఏండ్ల క్రిందటినుండి ద్వీపకల్పమున అనావృష్టి కోర్చు మొక్కలు క్రమముగా హెచ్చెనని చూపిరి. ఉట్నూరు పశుపాలకుల కాలమునకు ఇది మిక్కిలి సమీపము.

కోనసీమలోనే మామిడికుదురు మండలమున వైనతేయ నదీతీరపు ఆదుర్రులో ఇటుకల బౌద్ధస్తూపము గలదు. కాల్చిన ఇటుకలోని స్ఫటికములు కాల్చిననాటినుండి వికిరణశక్తిని కూడబెట్టుకొనును. దానిని కొలుచు తాపదీప్తి పద్ధతియు, పునాది క్రింది మన్నుపొరల పరీక్షయు కలిసినచో, ఆ స్తూపము వెలసిన నాడు నదీముఖమును తీరరేఖయు నెచట నుండెనో నిర్ణయించుట సాధ్యమగును.