నెల్లూరు సీమ దర్శకులు, పొరుగు భాషా చిత్రాలు: స్వతంత్ర ప్రాంతీయ సినిమాకు సమాజ ఆలంబన

వ్యాససంగ్రహం:

కన్నడంలో తొలి టాకీకి దర్శకత్వం వహించినవారు నెల్లూరువారు. కన్నడ నవ్య చిత్రోద్యమానికి నాంది పలికిన ‘సంస్కార’ను తీసినవారూ నెల్లూరువారే. అదే జిల్లాకు చెందిన మరొక దర్శకుడు తమిళంలో జాతీయ పురస్కారం పొందారు. సంభాషణలు లేని చిత్రాన్ని కన్నడ నిర్మాత తోడ్పాటుతో తీశారు. ఈ ముగ్గురి కృషిని చారిత్రక క్రమంలో పరిశీలించి, స్వతంత్ర ప్రాంతీయ చిత్రానికి వ్యక్తిగత ప్రతిభ, ధనం మాత్రమే చాలవనీ, దాని చుట్టూ ఒక సాహిత్య, రంగస్థల, ప్రేక్షక సమాజం ఉండాలనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: స్వతంత్ర సినిమా, నెల్లూరు, వై.వి. రావు, పఠాభి, సంస్కార, సింగీతం శ్రీనివాసరావు, సమాంతర చిత్రోద్యమం, ఫిలిం సొసైటీ.

1. ప్రవేశిక:

తెలుగు సినిమా వ్యాపార పరిభాషలో ‘నెల్లూరు’ ఒక ప్రత్యేక పంపిణీ ప్రాంతం. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఉభయగోదావరులు, కృష్ణా, గుంటూరులతో పాటు నెల్లూరు వసూళ్లను కూడా విడిగా లెక్కిస్తారు. ఒక జిల్లా ప్రేక్షకులను ఇంత స్పష్టంగా గుర్తించిన పరిశ్రమ, ఆ జిల్లా జీవితాన్ని కథావస్తువుగా స్వీకరించడం మాత్రం చాలా అరుదు. పులికాటు సరస్సు, బకింగ్‌హామ్ కాలువ, మైపాడు నుంచి కృష్ణపట్నం దాకా ఉన్న మత్స్యకార పల్లెలు, యానాదుల బతుకు, పెన్నా పరీవాహకంలోని యాస – ఇవి తెరమీద కనిపించే సందర్భాలు కొద్దిపాటివి.

దీనికి ప్రతిభ కొరవడడం కారణం కాదు. చెన్నపట్నానికి రైలుమార్గంలో కొద్ది గంటల దూరంలో ఉండడం వల్ల, టాకీలు మొదలైన నాటి నుంచే నెల్లూరువారు చిత్రపరిశ్రమలో ఉన్నారు. కనుక అడగవలసిన ప్రశ్న వేరు. ఈ ప్రాంతపు దర్శకుల ప్రయోగాలలో కొన్ని ముఖ్యమైనవి తమ భాషలో కాక, పొరుగు భాషలలో ఎందుకు రూపొందాయి? ‘స్వతంత్ర చిత్రం’ అనే మాటను ఇక్కడ స్థూలార్థంలో వాడుతున్నాను. తారల విలువ మీద, పంపిణీదారులు ముందుగా ఇచ్చే ధనం మీద ఆధారపడక, దర్శకుని ఎంపిక ప్రధానంగా రూపొందిన చిత్రమని దాని భావం.

2. వై.వి. రావు – హద్దులు గీయని కాలం:

యరగుడిపాటి వరదరావు 1903లో నెల్లూరులో జన్మించారు. మూకీల కాలంలోనే నటుడిగా, దర్శకుడిగా రాణించిన ఆయన 1934లో తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’కు దర్శకత్వం వహించారు. ఆ చిత్రం కొల్హాపూరులోని ఛత్రపతి సినీటోన్‌లో తయారై బెంగుళూరులో విడుదలయింది. 1937లో తమిళంలో తీసిన ‘చింతామణి’ ఘనవిజయం సాధించింది. 1939లో తెలుగులో వితంతు పునర్వివాహాన్ని వస్తువుగా తీసుకొని ‘మళ్ళీ పెళ్ళి’ని, 1940లో సినీరంగ జీవితాన్నే కథగా మలచి ‘విశ్వమోహిని’ని రూపొందించారు.

వై.వి. రావు భాషలు దాటడం ఆ కాలపు పరిశ్రమ స్వభావానికి సంబంధించిన విషయం. స్టూడియోలు కొన్ని నగరాలలోనే ఉండేవి. కళాకారులు వాటి వెంట తిరిగేవారు. దర్శకుని మాతృభాషకూ చిత్రభాషకూ సంబంధం ఉండాలన్న భావన అప్పటికి బలపడలేదు. ఆ వలసను పరిశ్రమ అవసరాలు నడిపించాయి. 1970 నాటి పఠాభి ప్రస్థానాన్ని దీనితో సమానంగా చూడడం కుదరదు. అప్పటికి తెలుగు, కన్నడ, తమిళ పరిశ్రమలు వేటికవి స్థిరపడ్డాయి. పఠాభికి తెలుగులో నిర్మాణానుభవం, పరిచయాలు ఉన్నాయి. అయినా ఆయన దర్శకునిగా తొలిచిత్రానికి కన్నడాన్ని ఎంచుకొన్నారు. అసలు చర్చ ఇక్కడే మొదలవుతుంది.

3. పఠాభి – ఛందస్సు నుంచి చలనచిత్రం దాకా:

తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి 1919లో నెల్లూరులో జన్మించారు. శాంతినికేతనంలోనూ, అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలోనూ చదివారు. ‘పఠాభి’ అనే పేరుతో 1939లో వెలువరించిన ‘ఫిడేలు రాగాల డజన్’ ఆధునిక కవిత్వ చరిత్రలో తిరుగుబాటు కావ్యంగా నిలిచింది. ఛందోనియమాలను, కావ్యమర్యాదలను, భావకవిత్వపు సౌకుమార్యాన్ని ఆయన పరిహసించారు. నగరజీవితాన్ని, ఆంగ్లపదాలను, శారీరక వాంఛను దాపరికం లేకుండా పద్యంలోకి తెచ్చారు. సాహిత్యవిద్యార్థులు పఠాభి ప్రస్తావనను సాధారణంగా ఇక్కడితో ముగిస్తారు. ఆయన సినీకృషిని కవిత్వానికి అనుబంధంగా కాక, అదే తిరుగుబాటుకు కొనసాగింపుగా చదవవలసి ఉంది.

చిత్రనిర్మాణంలో ఆయన తొలి అడుగులు ప్రధానస్రవంతిలోనే పడ్డాయి. కె.వి. రెడ్డి దర్శకత్వంలో జయంతి పిక్చర్స్ పతాకం కింద వచ్చిన ‘పెళ్ళినాటి ప్రమాణాలు’ (1958), ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ (1963), ‘భాగ్యచక్రము’ (1968) చిత్రాల నిర్మాణంతో ఆయనకు సంబంధం ఉంది. వీటిలో మొదటిది ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. ఇవి మంచి చిత్రాలే. కానీ ‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన కవి దృష్టి వీటిలో కనిపించదు. స్టూడియో, తారలు, పౌరాణిక, జానపద వస్తువులు, పంపిణీ పద్ధతి అన్నీ కలిసి నిర్ణయించిన రూపం అది. నిర్మాతగా ధనం ఉన్నా, కవిగా తనకున్న స్వేచ్ఛ సినిమాలో దొరకలేదని ఈ మూడు చిత్రాలను బట్టి ఊహించవచ్చు.

4. ‘సంస్కార’ వెనుక ఉన్న సమాజం:

యు.ఆర్. అనంతమూర్తి 1965లో ప్రచురించిన కన్నడ నవల ఆధారంగా పఠాభి ‘సంస్కార’ (1970) తీశారు. అగ్రహారంలో ఆచారభ్రష్టుడైన నారణప్ప మరణిస్తే, అతనికి అంత్యసంస్కారం ఎవరు చేయాలన్న సందిగ్ధం చుట్టూ కథ నడుస్తుంది. గిరీశ్ కర్నాడ్ చిత్రానువాదం సమకూర్చి, ప్రాణేశాచార్యుని పాత్ర ధరించారు. పి. లంకేశ్ నారణప్పగా, పఠాభి సహధర్మచారిణి స్నేహలతారెడ్డి చంద్రిగా నటించారు. ఆస్ట్రేలియాకు చెందిన టామ్ కోవన్ ఛాయాగ్రహణం, రాజీవ్ తారానాథ్ సంగీతం, ఎస్.జి. వాసుదేవ్ కళాదర్శకత్వం నిర్వహించారు. శృంగేరి సమీపంలోని వైకుంఠపురంలో, స్టూడియోకు బయట, చిత్రీకరణ సాగింది.

ఈ పేర్లను పట్టికగా చదివి వదిలేస్తే చిత్రచరిత్రలో ముఖ్యమైన అంశం జారిపోతుంది. వీరిని కలిపినవి నాలుగు బంధాలు.

మొదటిది సాహిత్యం. కన్నడ నవ్య సాహిత్యోద్యమం నవలను తీవ్రమైన చర్చకు పెట్టింది. చిత్రం రాకముందే దాని కథకు పాఠకులు, విమర్శకులు, విరోధులు కూడా ఉన్నారు. రెండవది రంగస్థలం. 1955లో ఏర్పడిన ‘మద్రాస్ ప్లేయర్స్’ అనే ఔత్సాహిక నాటకబృందంలో స్నేహలత ప్రముఖ సభ్యురాలు. మద్రాసులో ఉద్యోగం చేస్తున్న కర్నాడ్‌కూ ఆ బృందంతో అనుబంధం ఉంది. తారలు లేని చిత్రానికి నటవర్గం అక్కడి నుంచి, కన్నడ రచయితల నుంచి సమకూరింది. మూడవది రాజకీయం. నిర్మాణసంస్థ పేరు ‘రామమనోహర చిత్ర’. రామమనోహర్ లోహియా భావజాలం పఠాభి దంపతులను, అనంతమూర్తిని, లంకేశ్‌ను ఒక్కచోట చేర్చింది. కులాన్ని ప్రశ్నించే కథను సినిమాగా తీయాలన్న సంకల్పం వెనుక ఈ వర్గపు చర్చల ప్రభావం కనిపిస్తుంది. నాలుగవది రక్షణ. సెన్సారు మండలి ఈ చిత్రానికి మొదట అనుమతి నిరాకరించింది. కేంద్ర ప్రభుత్వ స్థాయిలో నిషేధం తొలగింది. ఆ దశలో చిత్రాన్ని సమర్థించి మాట్లాడగల మేధావివర్గం ఉండడం చిన్న విషయం కాదు.

1970 సంవత్సరానికి ‘సంస్కార’ జాతీయ ఉత్తమ కథాచిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందింది. ఆ వెంటనే ‘వంశవృక్ష’ (1971), తరువాత ‘కాడు’ (1973), ‘చోమన దుడి’ (1975), ‘ఘటశ్రాద్ధ’ (1977) వచ్చాయి. ఒక చిత్రం విజయం ఒక ధోరణిగా మారడానికి ఆ సమాజం అప్పటికే సిద్ధంగా ఉండడమే కారణం.

ఇందుకు పఠాభి కుటుంబం చెల్లించిన మూల్యం కూడా తక్కువది కాదు. ఎమర్జెన్సీ కాలంలో 1976లో అరెస్టయిన స్నేహలత బెంగుళూరు జైలులో ఉబ్బసంతో బాధపడి, పెరోలుపై విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరి 20న మరణించారు. లంకేశ్ నాటకం ఆధారంగా పఠాభి తీసిన ‘చండమారుత’ 1977లో వెలుగు చూసింది. ఆపైన ఆయన ‘శృంగార మాస’ (1984), ‘దేవర కాడు’ (1993) తీశారు. దర్శకునిగా ఆయన కృషి కన్నడంలోనే సాగింది. 2006లో బెంగుళూరులో కన్నుమూశారు.

5. సింగీతం – మరొక సాక్ష్యం:

సింగీతం శ్రీనివాసరావు 1931లో నెల్లూరు జిల్లా ఉదయగిరిలో జన్మించారు. ఉదయగిరి తీరప్రాంతం కాదు, జిల్లా పడమటి మెట్టసీమ. కె.వి. రెడ్డి వద్ద ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రాలకు సహాయకునిగా పనిచేసిన ఆయన ‘సంస్కార’ నిర్మాణంలోనూ పాలుపంచుకొన్నారు. అనంతరం రాజాజీ కథ ఆధారంగా తీసిన ‘దిక్కట్ర పార్వతి’ (1974) ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. సంభాషణలు లేని ‘పుష్పక విమాన’ (1987)ను కన్నడ నటుడు, నిర్మాత శృంగార్ నాగరాజ్ తోడ్పాటుతో బెంగుళూరు నేపథ్యంగా రూపొందించారు.

సింగీతం తెలుగులోనూ ‘పంతులమ్మ’ (1977), ‘మయూరి’ (1985) వంటి విశిష్ట చిత్రాలు తీశారు. కనుక తెలుగు పరిశ్రమ ఆయనను నిరాకరించిందనడం సరికాదు. అయితే ఆయన ప్రయోగాలలో అత్యంత సాహసికమైన వాటికి ఊతం ఎక్కడ దొరికిందన్నది గమనించదగినది.

6. తెలుగునాట – ఎదురు వలస:

అదే కాలంలో తెలుగులో ప్రయత్నాలు జరగలేదని కాదు. బాపు ‘సాక్షి’ (1967) గోదావరి తీరంలోని పులిదిండి గ్రామంలో చిత్రీకరణ జరుపుకొంది. ఆదుర్తి సుబ్బారావు, అక్కినేని నాగేశ్వరరావు కలిసి ‘సుడిగుండాలు’ (1968), ‘మరో ప్రపంచం’ (1970) నిర్మించారు. ఇవి వ్యక్తుల చిత్తశుద్ధి మీద నిలిచిన ప్రయత్నాలు. ఆ వ్యక్తులు ఆగితే ప్రయత్నమూ ఆగింది.

తెలుగు సమాంతర చిత్రాలుగా పేరొందిన ‘ఒక ఊరి కథ’ (1977)కు మృణాల్ సేన్, ‘అనుగ్రహం’ (1978)కు శ్యామ్ బెనెగల్, ‘మా భూమి’ (1979)కి గౌతమ్ ఘోష్ దర్శకులు. అంటే తెలుగు దర్శకులు ప్రయోగాల కోసం బయటికి వెళ్తున్న దశలోనే, తెలుగు ప్రయోగాలకు బయటి దర్శకులు వచ్చారు. ఈ రెండు వలసలను పక్కపక్కన ఉంచి చూస్తే, కొరత దర్శకులలో లేదని, దర్శకుణ్ణి నిలబెట్టే వ్యవస్థలో ఉందని తేలుతుంది.

వీటిలో ‘మా భూమి’ ప్రత్యేకం. నిర్మాత బి. నరసింగరావుకు నాటక, జానపద కళారంగాలతో ఉన్న గాఢసంబంధం, తెలంగాణ సాయుధ పోరాట స్మృతి, పాటను మోసిన ప్రజాకళాకారులు – ‘సంస్కార’కు ఉన్నటువంటి సమాజమే దీనికీ ఉంది. అందుకే అది ఒంటరి చిత్రంగా మిగలలేదు. నరసింగరావు స్వయంగా ‘రంగుల కల’ (1983), ‘దాసి’ (1988), ‘మట్టి మనుషులు’ (1990) తీశారు.

7. సామూహిక పోషణ – పొరుగు నమూనాలు:

సమాజ ఆలంబన అంటే సానుభూతి మాత్రమే కాదు. దానికి నిర్దిష్టమైన రూపాలున్నాయి. కేరళలో 1965లో ఏర్పడిన ‘చిత్రలేఖ’ ఫిలిం సహకారసంఘం ద్వారా అడూర్ గోపాలకృష్ణన్ ‘స్వయంవరం’ (1972) వచ్చింది. జాన్ అబ్రహాం ‘అమ్మ అరియాన్’ (1986)ను ‘ఒడెస్సా’ బృందం ప్రజల నుంచి చందాలు పోగుచేసి తీసింది. గుజరాత్ పాడిరైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేసుకోగా ‘మంథన్’ (1976) తయారయింది. కర్ణాటకలోని హెగ్గోడు అనే పల్లెలో కె.వి. సుబ్బణ్ణ నడిపిన ‘నీనాసం’ 1973లో ఫిలిం సొసైటీని ఆరంభించి, గ్రామీణులకు ప్రపంచ సినిమాను పరిచయం చేసింది. 1960లో ఏర్పడిన ఫిలిం ఫైనాన్స్ కార్పొరేషన్ వంటి ప్రభుత్వ సంస్థలు రుణాలిచ్చాయి. కానీ రుణంతో తీసిన చిత్రాన్ని చూసే ప్రేక్షకులను తయారుచేసినవి ఇలాంటి సంఘాలే.

ఇటీవలి తెలుగు ఉదాహరణ ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018). వెంకటేశ్ మహా దర్శకత్వంలో, అమెరికాలో స్థిరపడిన వైద్యురాలు పరుచూరి ప్రవీణ నిర్మాతగా, విశాఖపట్నంలోని కంచరపాలెం వాసులే అధికభాగం పాత్రధారులుగా అది రూపొందింది. ప్రవాసాంధ్రుల పెట్టుబడి, స్థానికుల భాగస్వామ్యం, పేరున్న సంస్థ పంపిణీ – ఈ మూడూ కలవడం వల్ల ఆ చిత్రం ప్రేక్షకులను చేరింది.

8. నెల్లూరు తీరం – వర్తమాన అవకాశాలు:

నేడు కెమెరా, కూర్పు పరికరాలు అందుబాటులోకి వచ్చాయి. 2007 నుంచి గోవాలో ఎన్.ఎఫ్.డి.సి. నిర్వహిస్తున్న ఫిలిం బజార్, చలనచిత్రోత్సవాలు, ఓటీటీ వేదికలు కొత్త దారులు తెరిచాయి. కానీ ఇవి చిత్రం తయారైన తరువాతి దారులు, లేదా కథ ఒక రూపానికి వచ్చిన తరువాతి దారులు. అంతకుముందటి దశ స్థానికమైనది.

ఆ దశకు కావలసిన వనరులు నెల్లూరులో లేకపోలేదు. సాహిత్యం ఉంది: మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు ముస్లిం బాల్యాన్ని ఆ యాసలోనే నిలబెట్టింది. సాహిత్య సంస్థల చరిత్ర ఉంది: వర్ధమాన సమాజం పట్టణ సాంస్కృతిక జీవితంలో దీర్ఘకాలం పాలుపంచుకొంది. ప్రేక్షకులున్నారని పంపిణీదారుల లెక్కలే చెబుతున్నాయి. లేనిది ఈ మూడింటినీ కలిపే వేదిక. కథకుడు, నాటకసమాజం, కళాశాల, ప్రదర్శనశాల ఒకరికొకరు తెలియకుండా పనిచేస్తున్నంతకాలం, యువదర్శకునికి హైదరాబాదు వెళ్లడం తప్ప మరో దారి కనిపించదు. వెళ్లిన తరువాత అతడు తీసేది నెల్లూరు కథ కాకపోవచ్చు.

ఇందులో విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలకు బాధ్యత ఉంది. పఠాభిని కవిగా బోధించి దర్శకునిగా విస్మరించడం, స్థానిక కథాసాహిత్యాన్ని పరీక్షల పరిధిలోనే ఉంచడం మానుకోవాలి. కళాశాల స్థాయిలో ఫిలిం సొసైటీ నడపడానికి పెద్ద ధనం అవసరం లేదు. చిత్రం చూపించి, చర్చించి, స్థానిక కథను చిత్రానువాదంగా రాయించడం పాఠ్యప్రణాళికలో భాగం కాగలదు.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

• వై.వి. రావు భాషలు దాటడం స్టూడియో వ్యవస్థ ఫలితం. పఠాభి భాష దాటడం తెలుగులో లభించని సమాజ ఆలంబనను వెతుక్కోవడం.

• ‘సంస్కార’కు ముందు పఠాభికి ధనం, అనుభవం, ప్రతిభ మూడూ ఉన్నాయి. చిత్రాన్ని సాధ్యం చేసినవి నవ్య సాహిత్యం, ఔత్సాహిక రంగస్థలం, లోహియావాద మిత్రవర్గం.

• తెలుగులో అటువంటి ఆలంబన ఉన్న ‘మా భూమి’ వంటి సందర్భాలలో కృషి కొనసాగింది. లేనిచోట వ్యక్తిగత సాహసంగా ముగిసింది.

• నెల్లూరు తీరంలో వనరులు విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపే సంస్థాగత ప్రయత్నం జరగవలసి ఉంది.

నెల్లూరు కవి తన తిరుగుబాటు చిత్రాన్ని కన్నడంలో తీసుకోవడం కన్నడానికి లాభం. మనకు అది ఒక ప్రశ్న. యాభై ఏళ్ల తరువాత కూడా ఆ ప్రశ్న అలాగే నిలిచి ఉండడం పరిశోధకులు పట్టించుకోవలసిన విషయం.